నలభై ఒక్క పిక్కలు

గుణుపురంలో మా కంపెనీ అంటే
వంశధార గట్టుకి రెండు వీధుల ఇవతల
చింతపండు వాసన వదలని రేకుల షెడ్డు.
మూడు వందల పది మంది వాటాదార్లు,
ఒక పిక్కతీత యంత్రం,
వారానికి రెండు రోజులొచ్చే లెక్కల మనిషిని నేను.

ఆడిటరు సంతకం పడకముందే
ఆస్తి అప్పుల పట్టీ అందరికీ వినిపించాలని
అధ్యక్షుడు తవిటయ్య పట్టు.
ఒడియాలో చదివాను, తెలుగులో చెప్పాను,
సవర దగ్గరికొచ్చేసరికి
"నిల్వలూ మిగులూ" అన్నచోట నాలుక ఎండిపోయింది.

ఎలిసబా రయితా లేచింది.
"కాయితం వద్దు బాబూ, పిక్కల్తో సెప్పు."

బస్తా మూతి విప్పారు.
పిక్క ఒక్కింటికి పదివేలు అనుకున్నాం.
గచ్చు మీద సుద్దతో అడ్డంగా గీశాను.
గీతకి పైన: డబ్బు ఎవరిది.
గీతకి కింద: ఇప్పుడది ఏ రూపంలో ఉంది.
మొత్తం చదువు ఇంతే,
మిగతాదంతా మా ఫీజు.

పైన బ్యాంకుకి నూట ఎనభై,
పండు తెచ్చి ఇంకా డబ్బందని వాళ్ళకి అరవై నాలుగు,
మీ వాటాలు ముప్పై ఒకటి,
ఇన్నేళ్ళలో మిగిలింది పది.

"ఆగు. మా వాటా అప్పుల పక్కనేటి?"

కంపెనీ వేరే మనిషమ్మా, ఊపిరి లేని మనిషి.
మీ దగ్గర పుచ్చుకుంది, మీకు బాకీ.
కాకపోతే అందరికీ ఇచ్చాక,
ఆఖర్న, మిగిల్తేనే.
"ఆకరి బంతి బోయినం" అన్నారెవరో వెనక నుంచి.
నవ్వులయ్యేదాకా ఆగాను.

కింద షెడ్డూ యంత్రమూ తొంభై రెండు.
"కొన్నప్పుడు నూటముప్పై గదా!" దండాసి గొంతు,
"నిన్న కూడా గడగడా ఆడింది నా మిషను."
ఆడుతుంది దండాసీ,
అయినా ఏటేటా కాగితం మీద
దాన్ని కొంచెం అరగదీయడం నా పని.

గోదాములో పండు నూట నలభై తొమ్మిది.
మార్చి ముప్పై ఒకటి కదా, రేకుల్ని తాకుతోంది;
ఆగస్టులో చూస్తే బల్లులుంటాయక్కడ.
ఈ పట్టీ ఏడాదిలో ఒక్క సాయంత్రం తీసిన ఫోటో.
ఆ ఒక్క సాయంత్రానికి
ఎవరైనా పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడొచ్చు.

చేతిలో నగదు, మూడే మూడు.
పార్వతీపురం కోట్ని వారి కొట్టు నుంచి
రావాల్సింది నలభై ఒకటి.

పైన రెండు వందల ఎనభై ఐదు.
కింద రెండు వందల ఎనభై ఐదు.
చప్పట్లు. తవిటయ్య టీ చెప్పాడు.

ఎలిసబా కూర్చోలేదు.
వంగి కోట్ని వారి కుప్పని
కొంగులోకి ఎత్తుకుంది.
"రెండేళ్ళయింది. ఆడు ఇవ్వకపోతే?
పైన ఎవుల్వి తీస్తావు?"

నేనేమో పట్టీ అడుగున
"వసూలగునని భావించడమైనది" అని రాసి ఉన్నాను.

"బ్యాంకోడివి?"
తీయనివ్వడు.
"పండు మోసుకొచ్చినోలవి?"
అందులో ఆమెవీ ఉన్నాయి. తీయకూడదు.
అడగడం ఆపేసి
అరచేత్తో ఊడ్చింది:
ముప్పై ఒకటి, ఆ పక్కన పది.

గీతకి పైన ఇప్పుడు
ఇద్దరే మిగిలారు, ఇద్దరూ బాకీదార్లు కాదు, బాకీ రావాల్సినవాళ్ళు.
మా చోట వట్టి గచ్చు,
దాని మీద పండు జిగురుకి అంటుకున్న ఒక చీమ.

బరంపురంలో మూడేళ్ళు చదివాను నేను.
రావాల్సినదీ ఆస్తేనని రాసి మార్కులు తెచ్చుకున్నాను.
అది ఒక మనిషి నోటిమాట మీద
నిలబడిన ఆస్తి అని ఎక్కడా రాయలేదు,
అడగనూ లేదు ఎవరూ.

సోమవారం తొలి బస్సుకి
ఎలిసబా, ఇంకో నలుగురాడవాళ్ళు
పార్వతీపురం వెళ్ళారు.
కొంగున మూటగట్టిన పిక్కలు
సీటు కింద చప్పుడు చేసుంటాయి.

నేను షెడ్డులో కూర్చుని
"భావించడమైనది" కొట్టేశాను.
ఆ ఖాళీలో ఏం రాయాలో
సాయంత్రం బస్సు వస్తేగాని తెలీదు.
టీ గ్లాసుల మధ్య సుద్దగీత అలాగే ఉంది.
దండాసి దాన్ని దాటుకుని వెళ్ళి
యంత్రానికి నూనె పోస్తున్నాడు.